వైరు పీకేసిన మీటరు

నా పాత కారులో టెంపరేచర్ మీటరు చెడిపోయిందని ఇన్నేళ్లూ అందరికీ చెప్పాను. అది చెడిపోలేదు. ముల్లు ఎర్రగీత వైపు లేస్తే ఎక్కినవాళ్లు కంగారుపడతారని మా టాక్సీ స్టాండు డ్రైవర్లం దాని వైరు పీకేసేవాళ్లం.

తొంభైల్లో ఒక ఎండాకాలం, నిద్రలేక నా కళ్లు మండుతున్న రోజున, నక్కపల్లిలో ఒక మాస్టారు ఎక్కారు. నర్సీపట్నం ఆసుపత్రిలో భార్య ప్రసవించిందని అప్పుడే కబురందిందట. కోటవురట్ల దాటాక కారులో మాడు వాసన మొదలైంది.

"ఈ ముల్లు కదలదేటండీ?" అన్నారాయన.

"అది సచ్చిపోయి శానా కాలమైందండి."

ఆయన కారాపించి బానెట్ తీయించారు. వేలాడుతున్న వైరు తగిలించి తాళం తిప్పమన్నారు. ముల్లు తిన్నగా ఎర్రగీత దాటింది.

"సావలేదు. మీరే నోరు నొక్కేసారు," అని నవ్వారు.

"మీరు బేగి ఎల్లాలి కదండీ. మెల్లగా పోనిచ్చేత్తాను."

"వద్దులెండి. ఇంజన్ పట్టేస్తే మీ ఇంట్లో పొయ్యెలగదు. సల్లారనీండి."

బిడ్డ మొహం ఇంకా చూడని మనిషి, నా కారు కోసం ఆ ఎండలో రోడ్డు పక్కన చాలాసేపు కూర్చున్నారు. ఆసుపత్రి గేటు దగ్గర ఆయన్ని దింపి, ఇంకో బేరం వెతుక్కుంటూ వెనక్కి తిరిగాను. పుట్టింది పాపో బాబో కూడా అడగలేదు.