బారసూరు చెరువుగట్టున

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ ఒళ్లుమంట. నమ్మేవాళ్లను మొహం మీదే ఎగతాళి చేసేదాన్ని. నా నోరు మంచిది కాదని కిరండూల్‌ ఇనుప గనుల దగ్గర మా కాలనీ అంతటికీ తెలుసు.

ఆ నోటితోనే అమ్మ పెద్దకర్మ నాడు, బంధువులందరి ముందూ, "నువ్వు సరిగ్గా చూసుకుని ఉంటే అమ్మ బతికేది" అని తమ్ముణ్ణి అనేశాను. ఆ తర్వాత రెండేళ్లు వాడు నాతో మాట్లాడలేదు. విశాఖపట్నంలో వాడికి గుండెపోటు వచ్చిందని ఫోను వస్తే రైలెక్కాను. దిగేసరికి అంతా అయిపోయింది.

పోయిన చలికాలం, నేను దిగులుగా ఉంటున్నానని మా ఆయన బారసూరు తీసుకెళ్లారు. సద్దు లేని చిన్న ఊరు. పొద్దున ఎనిమిదైనా చెరువు మీద మంచు విడలేదు. గట్టున ఒక ముసలామె మంట పక్కన కుండ పెట్టుకుని రాగి జావ అమ్ముతోంది. తెలుగు సరిహద్దున ఉన్న కోంటా వైపు మనిషట, అందుకే తెలుగు మాట్లాడింది. మా ఆయన ఫోటోలు తీసుకుంటూ గట్టు చివరికి వెళ్లిపోయారు.

ఆమె ఆకు దొప్పలో జావ పోసి, డబ్బాలోంచి ఉప్పు తీసి వేసి ఇచ్చింది. నేను తాగబోతుంటే ఆపింది.

"అట్లనే తాగుతవేందమ్మా? ముందుగాల పోయినోళ్లకు రెండు చుక్కలు నేలకు పొయ్యాలె. మీ ఇంట్ల పోయినోళ్లు లేరా?"

"ఉన్నాడవ్వా, తమ్ముడు" అన్నాను. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. ఇది నాకు బాగా గుర్తు.

రెండు చుక్కలు నేల మీద వదిలాను. ఆమె ఆ తడి వైపు కాసేపు చూసింది. తర్వాత ఇంకో దొప్ప తీసి, ఉప్పు వేయకుండా జావ పోసి నా చేతికిచ్చింది.

"ఉప్పు వద్దంటుండు. ఈ జావ పొయ్యమ్మా."

చిన్నప్పటి నుంచీ వాడు ఉప్పేసిన జావ ముట్టేవాడు కాదు. అమ్మ వాడి గ్లాసు ముందే విడిగా తీసి పెట్టేది. మా పుట్టింట్లో ఆ సంగతి తెలిసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే.

పోశాను. ఏడుపు ఆగలేదు. "నన్నేమైనా అంటున్నాడా అవ్వా?" అని అడిగాను. నాలుగు తిట్లు తిట్టినా చాలనిపించింది.

"నిన్నేమనలే బిడ్డా. తాగుతుండు" అంటూ ఆమె మంటలోకి పుల్ల ఎగదోసింది.

ఆమెతో ముందేమైనా మాట్లాడారా అని మా ఆయన్ను అడిగాను. లేదన్నారు. ఏదో నోటికొచ్చింది అని ఉంటుందిలే అన్నారు. అయి ఉండవచ్చు.

ఆమెకెలా తెలిసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. దానికన్నా ఇంకో సంగతి నన్ను ఎక్కువ కాల్చుకు తింటోంది. తోడబుట్టిన దాన్ని, నేను అక్కడే కూర్చుని ఉన్నాను. ఉప్పు వద్దన్న ఆ ఒక్క మాట కూడా వాడు పరాయి మనిషితోనే చెప్పుకున్నాడు.