మైకు ఆగినా ఆగని హాజరు

కడియం పరిసరాల్లోని మా గ్రామంలో నర్సరీ రైతుల సంఘం వార్షికోత్సవం ప్రతి జనవరి మాసంలో జరుగుతుంది. వేదిక ముందు మూడు వరుసలుగా క్రోటన్లు, కాగితంపూల మొక్కలు సంచులతోనే పేర్చడం, శాలువా అందుకొనే ప్రతి యజమాని పేరునూ ప్రశంసలతో సహా మైకులో చదవడం ఇక్కడి ఆనవాయితీ. ఆ మొక్కలకు నీరు పోసి, కలుపు తీసి, అంట్లు కట్టిన స్త్రీల పేర్లు ఆ మైకులో ఏనాడూ వినబడలేదు. అది లోపమని ఎవరికీ తోచలేదు, కుమారి ఆశాజ్యోతి గారికి తప్ప.

వారు సంఘాధ్యక్షులైన సత్తిరాజు గారి నర్సరీలో మామిడి అంట్లు కట్టే పనిలో ఉన్నారు. లూథరన్ చర్చిలో గిటారు నేర్చుకున్నారు. పినతల్లి కుమారుడు జాషువా డ్రమ్స్ వాయిస్తాడు. వీరిద్దరూ సాధన చేసే సంగీతాన్ని పంక్ రాక్ అంటారు. అందులో ఆలాపన ఉండదు. విపరీతమైన వేగం, గొంతు చిరిగేటంతటి కేక, మొహమాటం లేని మాట, ఇవే దాని లక్షణాలు. ఆ సంగీతం నాకు నేటికీ రుచించదు. అయినను వారిని గురించి వ్రాయుట యుక్తమని భావిస్తున్నాను.

ప్రతి ఉదయం నర్సరీ గేటు వద్ద కూలీల ముఠా పెద్ద అప్పాయమ్మ గారు ఒక్కొక్కరి పేరూ పిలుస్తారు. పిలవబడిన వారు "ఉన్నానండి" అని బదులిచ్చిన తరువాతనే లోపలికి వెళతారు. ఆశాజ్యోతి గారు కట్టిన పాటలో చివరి చరణం ఆ పేర్లే.

"ఆ పేర్లు ఒక్కసారైనా ఆ వేదిక మీంచి వినపడాలండి. అప్పటిదాకా దిగను" అని వారు ముందుగానే నాతో అన్నారు.

సత్తిరాజు గారు ఒక క్రిస్మస్ ఆరాధనలో వారి కీర్తన విని ముగ్ధులైనవారు. ఆ భరోసాతోనే, ఏమి పాడతారని అడగకుండా, కార్యక్రమంలో "సుమధుర గీతాలు" అని వేయించారు. శాలువాల సత్కారం ముగిసిన పిమ్మట, సాయంకాలం, ఆశాజ్యోతి గారు గిటారుతో వేదిక ఎక్కారు. జాషువా మొదటి దెబ్బకే ముందు వరుసలోని పెద్దలు చెవులు మూసుకున్నారు.

"మొక్కకి నీడ! మాకు ఎండ! మొక్కకి నీళ్లు! మాకు చెమట!"

మొక్కలపై ఆకుపచ్చ నీడవల కట్టి, దాని వెలుపల ఎండలో స్త్రీలను కూర్చోబెట్టే పద్ధతిని గూర్చిన పాట అది. వెనుక నుండి ఈలలు మొదలయ్యాయి.

"ఏంటే ఆ గోల? పంటి నొప్పా?"

"ఒరేయ్, అమ్మాయికి గొంతులో చేపముల్లు ఇరుక్కుందిరా, అన్నం ముద్ద పెట్టండ్రా!"

"సినిమా పాట ఎయ్యండి! లేదా దిగండి!"

సత్తిరాజు గారు వేదిక అంచుకు వచ్చారు. "ఏవమ్మా, ఇది సభనుకున్నావా, సంతనుకున్నావా? దిగు!"

"కార్యక్రమంలో మీరే వేయించారు కదండీ. పాట అయిపోయాక దిగుతానండి, ఆయ్" అని బదులిచ్చి, వారు మరింత గట్టిగా అందుకున్నారు.

ముందుగా ఒక నీళ్ల ప్యాకెట్ వచ్చి గిటారుపై పగిలింది. తరువాత చెప్పు, ఆ తరువాత మట్టిగడ్డలు. ఒక కుర్చీ గాలిలో ఎగిరి వచ్చి క్రోటన్ల వరుసపై పడగా, నాలుగు మొక్కలు నడుముకు విరిగాయి. సత్తిరాజు గారు చేయి ఊపగా, మైకు సెట్టు యజమాని దొరబాబు తీగ లాగివేశాడు. గిటారు మూగబోయింది. చివరి చరణం ఇంకా మిగిలే ఉన్నది.

అప్పుడు జరిగినది ఎవరూ ఊహించనిది. పందిరి చివర నిలబడి ఉన్న కూలీ స్త్రీలు ముందుకు పరుగెత్తారు. పాట కొరకు కాదు, మొక్కల కొరకు.

"మొక్కల మీద పడేస్తారేంట్రా! మీ చేతులు పడిపోను!" అని అరుస్తూ అప్పాయమ్మ గారు విరిగిన క్రోటన్‌ను ఒడిలోకి తీసుకున్నారు. తక్కినవారు వేదికకు అడ్డుగా వరుసకట్టి, సంచులను ఎత్తసాగారు. తల్లులు, మేనత్తలు ఎదురుగా నిలబడి ఉండగా రాయి విసిరే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మైకు లేకపోయినను డ్రమ్స్‌కు కరెంటుతో పని లేదు. జాషువా వాయిస్తూనే ఉన్నాడు. ఆశాజ్యోతి గారు వేదిక అంచున నిలబడి, చేతులు దోనెలా నోటి చుట్టూ పట్టి కేక వేశారు.

"అప్పాయమ్మా!"

అప్పాయమ్మ గారు మొక్క మీదనుండి తల ఎత్తకుండానే, ముఠా పెద్ద కాకమునుపు తానూ గేటు వద్ద పలికిన ఏళ్ల అలవాటు చొప్పున, "ఉన్నానండి!" అన్నారు.

జనం ఫక్కున నవ్వారు. ఆశాజ్యోతి గారు నవ్వలేదు.

"పెద్దింట్లమ్మా!"

"ఉన్నానండి!"

"దేవకుమారీ!"

"ఉన్నానండి!" ఈసారి అలవాటుగా కాదు. దేవకుమారి గారు సంచి దించి, జనం వైపు తిరిగి, నడుముపై చేయి వేసుకొని పలికారు. ఆ వరుసలోని ప్రతి పేరూ పిలవబడింది, ప్రతి పేరుకూ జవాబు వచ్చింది. నవ్వు క్రమంగా అణగిపోయింది. చప్పట్లు మాత్రం లేవు. "ఇదేం పాటండీ బాబూ" అని గొణుగుతూ కొందరు లేచిపోయారు. పాట పూర్తయిన తరువాతనే ఆశాజ్యోతి గారు మెట్లు దిగారు.

"అర్థమైందా, పెద్దమ్మా?" అని అడిగారు.

"ఆ అరుపేంటో నాకు తెలీలేదే. నా పేరు మాత్రం బానే వినపడింది. ముందు ఆ గిటారు పక్కన పెట్టి, ఈ మొక్క పట్టుకో!" అన్నారు అప్పాయమ్మ గారు.

మరునాటి ఉదయం సత్తిరాజు గారు గేటు వద్దకు స్వయంగా వచ్చారు. "అప్పాయమ్మా, ఆ అమ్మాయి పేరు పిలవొద్దు" అని ఆజ్ఞాపించారు. అప్పాయమ్మ గారు "ఆయ్, అలాగేనండి" అని, మిగిలిన పేర్లు పిలవడం ప్రారంభించారు. ఒక్కరూ పలుకలేదు. పెద్దింట్లమ్మ గారు ఆకాశం వైపు చూస్తున్నారు. బయట లారీలు సరుకు కొరకు నిలిచి ఉన్నాయి.

అప్పాయమ్మ గారు యజమాని వంక ఒకసారి చూసి, మళ్లీ మొదటి నుండి అందుకున్నారు.

"ఆశాజ్యోతీ!"

"ఉన్నానండి!"