మొగులమ్మ నీలి డ్రమ్ములు

మొగులమ్మ ఇంట్లోంచి బయటపడేది పొయ్యి పొగ ఒక్కటేనని వాడకట్టులో ఎకసెక్కమాడేవాళ్ళు. అబద్ధమేమీ కాదు. బియ్యం కడిగిన నీళ్ళు ఎదురింటి బర్రె కుడితిలోకి, పొయ్యిలో బూడిద అంట్లకు, చిరిగిన చీరలు బొంతకు, ఆ బొంతా చిరిగితే గడప ముందు కాళ్ళు తుడుచుకోవడానికి. సాదుల్లా తన కిరాణా దుకాణంలో కొత్తగా వచ్చిన పల్చటి ప్లాస్టిక్ కవర్లో పప్పు పోసిస్తే, తిరిగి తక్కెట్లో పోయించి కొంగున కట్టుకుని వచ్చేది. "గీ కవర్ మట్టిల గూడ కలవది సాదుల్లా భాయ్, నీ దగ్గర్నే ఉంచుకో" అనేది. ఎకసెక్కమాడినవాళ్ళే తమ కోడళ్ళకు బుద్ధి చెప్పాల్సి వస్తే మాత్రం "మొగులమ్మను సూసి నేర్చుకో" అనేవాళ్ళు. ఆ మాట ఆమె చెవిన పడేది. విననట్టే ఉండేది గానీ, ఆ పూటంతా ఆమె నడకే వేరుగా ఉండేది.

బొల్లారం చుట్టూ మందుల కంపెనీలు లేచిన కొన్నేళ్ళకు వాళ్ళ ఊరి బావి నీళ్ళు రంగు తిరిగాయి. బోరు వేస్తే అదీ అంతే. తొంభైల మొదట్లో ట్యాంకరు రావడం మొదలైంది. అది ఏ రోజు వస్తుందో, ఏ రోజు రాదో దానికే తెలియాలి. వచ్చిన రోజు ఎంత పట్టుకుంటే అంత. ఇంట్లో ఉన్న బిందెలు, కుండలు ఏ మూలకు సరిపోతాయి?

మొగులమ్మ మొగుడు నాగయ్య ఒక కంపెనీలో హమాలీ. ఖాళీ అయిన నీలి ప్లాస్టిక్ డ్రమ్ములు అక్కడ గోడ వెనక గుట్టలుగా పడి ఉండేవి. ఒకటి సైకిలు వెనక కట్టుకొచ్చాడు. "ఇంత గట్టి సామాను పారేస్తరా?" అని మొగులమ్మ ముక్కున వేలేసుకుంది. బూడిదతో తోమి, చింతపండుతో రుద్ది, ఎండలో బోర్లించి నీళ్ళు పట్టింది. చూసినవాళ్ళు మాకూ కావాలన్నారు. నాగయ్య తెచ్చిపెట్టాడు, కడగడం మొగులమ్మ నేర్పింది. ఆ ఎండాకాలానికి వాడకట్టులో నీలి డ్రమ్ము లేని ఇల్లు లేదు. వాటిలో ఇదివరకు ఏం పోశారని నాగయ్యను అడిగినవాళ్ళు లేరు. అడిగినా ఆయనకు తెలియదు. పైన ఏదో ఇంగ్లీషులో రాసి ఉండేది. బూడిదతో గట్టిగా తోమితే అదీ పోయేది.

ఎదురిల్లు రాధమ్మది. మొగుడు పోయాక ఇద్దరు పిల్లల్ని ఒక్క బర్రె మీదే సాకుతోంది. ఎండాకాలమంతా కంపెనీ బస్సులు ఆగేచోట మజ్జిగ అమ్మేది. మజ్జిగ కుండ పగిలిందని ఆమె దిగులుగా కూర్చుంటే మొగులమ్మే పిలిచి డ్రమ్ము ఇచ్చింది. అది కడిగేటప్పుడే మొగులమ్మ ముక్కు మండింది. ఎంత తోమినా అడుగున ఘాటు వదల్లేదు. మొగులమ్మ తోమినా పోని కంపు ఉంటుందని ఒప్పుకోవడానికి ఆమెకే మనసు రాలేదు.

"జెర వాసనొస్తున్నది గదక్కా" అంది రాధమ్మ.

"ఎండల పెడ్తే అదే పోతది. నేను చెప్తున్న గద."

మొగులమ్మ చెప్పిందంటే ఇక రాధమ్మకు అనుమానమెక్కడిది? పుల్లటి మజ్జిగ రాత్రంతా ఆ డ్రమ్ములో ఉంది. పొద్దున తాగినవాళ్ళు మధ్యాహ్నానికి కడుపులు పట్టుకుని మెలికలు తిరిగిపోయారు. యాదన్న అనే కుర్ర కూలీని సంగారెడ్డి దవాఖానకు ఎత్తుకుపోయారు. బతికాడు గానీ మనిషి సగమైపోయాడు. రాధమ్మ బర్రె కంపెనీల నీళ్ళు పారే వాగులో తాగుతుందని, దాని పాలే పాడయ్యాయని ఎవరో అన్నారు. అది అందరికీ నిజమే అనిపించింది. ఆ తర్వాత రాధమ్మ మజ్జిగ ముట్టినవాళ్ళు లేరు.

జనం కడుపులు పట్టుకున్న రోజు సాయంత్రమే మొగులమ్మ ఆమెను ఓదార్చడానికి వెళ్ళింది. మిగిలిన మజ్జిగ పారబోయడానికి మూత తీసింది. ఆ ఘాటే. మొన్న తన ముక్కు మండించిన ఘాటు పులుపులో ఊరి ఇంకా పైకి లేచింది. డ్రమ్ము వంచి, మజ్జిగ దొడ్లో పారబోసి ఇంటికొచ్చింది.

వచ్చి ఏం చేసింది? తన ఇంట్లో డ్రమ్ము ఖాళీ చేసింది. అటక మీది పాత కుండ దించి తాగే నీళ్ళు దాంట్లో పట్టింది. నాగయ్యకు మాత్రం చెప్పింది.

"బయట అనకు. నేను తెచ్చిన్నని కంపెనీల ఎరుకైతే నౌకరి పోతది" అన్నాడు ఆయన.

నౌకరి భయం ఉన్నమాట నిజమే. కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆమె నోరు నొక్కింది అది కాదు. మొగులమ్మను చూసి నేర్చుకో అన్న వాడకట్టు ముందు, నేను నేర్పింది తప్పని నిలబడి చెప్పాలంటే ప్రాణం పోయినట్టుండేది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ రోజులు నెట్టింది. ఈలోపు పక్క వాడ నుంచి ఒకావిడ డ్రమ్ము ఎలా కడగాలో అడగడానికి వచ్చింది. మొగులమ్మ తల వంచుకుని, బూడిద ఎంత వెయ్యాలో చెప్పి పంపింది. తన మీద తనకే అసహ్యం పుట్టింది.

గిరాకీ లేక రాధమ్మ బర్రెను అంగడికి తోలుకుపోయి అమ్మేసింది. ఇటుక బట్టీలో కూలికి కుదిరింది. మజ్జిగ పని పోయిందని డ్రమ్ము పారేస్తుందా? మొగులమ్మ చెలికత్తె ఆయె. శుభ్రంగా కడిగి తాగేనీళ్ళకు పెట్టుకుంది.

ఒకరోజు సాయంత్రం మొగులమ్మ రాధమ్మ ఇంటి గడప మీద కూర్చుంది. చెప్పేద్దామనే వెళ్ళింది. రాధమ్మ లోపల పొయ్యి రాజేస్తోంది. రాధమ్మ చిన్నకూతురు లచ్చి డ్రమ్ములో చెంబు ముంచి, తను గటగటా తాగి, మళ్ళీ ముంచి తెచ్చింది.

"తాగు పెద్దమ్మా, సల్లగున్నయి."

"వద్దు బిడ్డా. ఇప్పుడే తాగొచ్చిన" అంది మొగులమ్మ.

ఆ మాట అన్నాక అక్కడ కూర్చోలేకపోయింది. పిల్ల మొహం చూడలేక లేచి వచ్చేసింది. ఛీ, ఇదీ ఒక బతుకేనా అని తెల్లవార్లూ తనను తాను తిట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే ట్యాంకరు వచ్చింది. ఆడవాళ్ళంతా డ్రమ్ములు వరసగా పెట్టారు. మొగులమ్మ వాళ్ళ మధ్యకు వచ్చి నిలబడింది. మొహం ఎత్తకుండానే చెప్పింది.

"రాధమ్మ బర్రెది ఏం తప్పు లేదు. ఆమెకు నేనిచ్చిన డ్రమ్ముదే తప్పు. గీ డ్రమ్ములన్నీ గసుంటియే. బూడిదతోని తోమినా లోపలి మందు పోదు. వీట్ల నీళ్ళు తాగకున్రి."

పైపు పట్టుకున్న పోశమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "మరి దేంట్ల పట్టుకోవాలె, అది గూడ నువ్వే చెప్పు" అని పైపు మళ్ళీ తన డ్రమ్ములోనే పెట్టుకుంది. ఇంకో ఇద్దరు డ్రమ్ములు వెనక్కి జరిపారు. కొందరు గొణుక్కున్నారు. మొగులమ్మకు అవేవీ చెవికెక్కలేదు. ఆమె రాధమ్మ కోసమే చూస్తోంది.

రాధమ్మ తిట్టలేదు. బట్టీకి పోవడానికి తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి చేత్తో పట్టుకుంది.

"నీకెన్నడు ఎరుకైందక్కా?"

"గా దినం పొద్దుమీకినప్పుడే."

"అంటే నా బర్రెను అమ్మకముందే."

"ఆ."

రాధమ్మ ఆ గుడ్డను చేతికి చుట్టుకుంది.

"పోనీ, బర్రె పోయింది. నిన్న నా బిడ్డ నీ ముంగటనే చెంబెడు తాగింది గదా. నువ్వు వద్దన్నవు. దానికి వద్దని చెప్పలేదా?"

"చెప్పలే" అంది మొగులమ్మ.