అన్నయ్య ఫోనుకు వెళ్ళిన కోడు

అద్దాలక్క అసలు పేరు ఆ వీధిలో సగం మందికి తెలియదు. పద్దెనిమిదేళ్ళుగా కళ్ళద్దాల కొట్టు వెనక గదిలో కూర్చుని, ఫ్రేముకు సరిపడేలా అద్దాలు అరగదీయడం ఆమె పని. వెంట్రుకవాసి తేడా వస్తే అద్దం పనికిరాదు. ఆ చేతులు వణకడం ఎవరూ చూడలేదు. ఆ మంగళవారం మధ్యాహ్నం ఫోన్ల దుకాణం కౌంటర్లో ఉన్నామె చూసింది.

"నిదానంగా పెట్టండమ్మా సంతకం, తొందరేముంది?"

తొందర లేకపోవడమేమిటి! గోడ గడియారం ఒకటీ ముప్పావు చూపిస్తోంది. మూడింటికి బస్సు. చెల్లెలు పొద్దున్నే ఒక్క చేతిసంచితో ఇల్లు వదిలి వచ్చేసి, కళ్ళద్దాల కొట్టులో కంటిచూపు పరీక్షించే చీకటిగదిలో కూర్చుని ఉంది. తన ఫోను వంటింటి గట్టు మీదే వదిలేసింది. ఆ ఫోను ఎక్కడ తిరుగుతోందో ఆమె మొగుడి ఫోనులో కనబడుతుంది. ఎవరితో ఎంతసేపు మాట్లాడిందో సాయంత్రం అతనికి అప్పజెప్పాలి. చెప్పింది నచ్చకపోతే చెయ్యి లేస్తుంది.

ఐదు గంటల ప్రయాణం దూరంలో ఒక హాస్టల్లో పనీ, ఉండటానికి గదీ దొరికాయి. ఒంటరిగా దిగే మనిషికి చేతిలో ఒక నెంబరైనా ఉండాలి కదా. విడిగా కొత్త కనెక్షన్ అంటే అడ్రసు చూడటానికి మనుషులొస్తారు, మూడు రోజులు పడుతుంది. ఉన్న ప్లాన్‌లోనే ఇంకో లైను కలిపితే గంటలో పనైపోతుందన్నారు. అందుకే అద్దాలక్క తన పాత ఫోనొకటి తుడిచి పట్టుకొచ్చింది.

"మెయిన్ నెంబరుకి కోడు వెళ్ళిందండీ. అది చెప్పండి, కలిపేస్తాను. ఐదు నిమిషాలే పనిచేస్తుంది."

"మెయిన్ నెంబరంటే? నాది కాదా?"

"ప్లాను ఎవరి పేరున ఉంటే వాళ్ళది."

ప్లాను అన్నయ్య పేరున ఉంది. అన్నయ్యా, చెల్లెలి మొగుడూ ఒకే గిడ్డంగిలో పనిచేస్తారు, ఒకే బల్ల దగ్గర భోంచేస్తారు. ఆ సంబంధం తెచ్చింది అన్నయ్యే. చెల్లెలు రెండుసార్లు ఏడుస్తూ వస్తే, "సర్దుకుపోవాలమ్మా" అంటూ రెండుసార్లూ తనే వెంటబెట్టుకెళ్ళి దింపి వచ్చాడు. ఈసారి అతని చెవిన పడకుండా పంపించెయ్యాలని అక్కాచెల్లెళ్ళిద్దరూ అనుకున్నది అందుకే.

ఇక దారి లేదు. ఫోన్ చేసింది.

"అన్నయ్యా, నీకో కోడు వచ్చుంటుంది, చెప్పవా?"

"వచ్చింది. ఇంకో లైను కలపమంటావా అని అడుగుతోంది. ఎవరికే?"

"మా ఓనరమ్మకి... కొట్టు కోసం."

"మీ కొట్టుకి మన ప్లానెందుకు?"

ఆమె జవాబు చెప్పేలోపే అవతల ఇంకో గొంతు వినబడింది. "ఎవరు బావా?"

చెల్లెలి మొగుడు.

"పెద్ద చెల్లి," అన్నాడు అన్నయ్య.

"మా ఆవిడ అక్కడుందేమో అడుగు. పొద్దుట్నుంచీ ఫోనెత్తట్లేదు. ఇంట్లోనే ఉన్నట్టు చూపిస్తోంది. ఇవాళ వెళ్ళాక దాని సంగతి చూస్తాను."

అన్నయ్య ఏమీ అడగలేదు. ఫోన్ పెట్టేశాడు.

మళ్ళీ చేసింది. ఎత్తలేదు. ఇంకోసారి చేసింది. అదీ అంతే. కౌంటరామె తెర వైపు చూసి పెదవి విరిచింది. "టైమైపోయిందమ్మా. ఇంకొక్కసారి పంపుతాను. అదీ పోతే ఇక రేపే."

"ఆగండి," అంది అద్దాలక్క. "కొంచెం సేపు."

రెండూ పదికి ఆమె ఫోను మోగింది. అన్నయ్యే. ఎక్కడో మెట్ల కింద నిలబడినట్టు గొంతు గుసగుసగా ఉంది.

"చిన్నది నీ దగ్గరే ఉంది కదూ?"

ఆమె కౌంటరు నుంచి పక్కకు జరిగింది.

"మొన్న మీ వదిన దాని మెడ మీద మచ్చలు చూసిందట. రాత్రి చెప్పింది. నాకు నిద్ర పట్టలేదే. వాడు సెలవు పెట్టి బయల్దేరుతున్నాడు. త్వరగా పంపించమను ఆ కోడు."

అద్దాలక్క కౌంటరామెకు తలూపింది. కోడు వెళ్ళింది. అన్నయ్య ఒక్కో అంకె చదువుతుంటే ఆమె ఒక్కొక్కటే పైకి పలికింది. తెర మీద ఆకుపచ్చ టిక్కు గుర్తు వచ్చేదాకా ఇద్దరూ ఫోను పెట్టలేదు.

"గంటా రెండు గంటల్లో లైను మొదలవుతుంది," అంది కౌంటరామె.

అక్కాచెల్లెళ్ళు సందుల్లోంచి పరుగులాంటి నడకతో బస్టాండు చేరేసరికి రెండూ యాభై ఐదు. బస్సు కదిలేటప్పుడు చెల్లెలి చేతిలో ఉన్న ఫోను ఇంకా మూగగానే ఉంది.

మూడున్నరకి చెల్లెలి మొగుడు కళ్ళద్దాల కొట్టులోకి దూసుకొచ్చాడు. గట్టు మీద దొరికిన భార్య ఫోను అతని పిడికిట్లో ఉంది. అద్దాలక్క అప్పుడే మిషను ముందు కూర్చుంది.

"ఎక్కడ దాచావు? నీ ఫోనివ్వు, చూస్తాను."

బల్ల మీదున్న ఫోను కోసం అతను చెయ్యి చాచాడు. ఆమె ముందే లాక్కుంది. అతను కోపంతో అరగదీసిన అద్దాల పళ్ళేన్ని తోసేశాడు. గలగలమని అద్దాలన్నీ నేల మీద దొర్లాయి.

"చెయ్యి వెనక్కి తియ్," అన్నారెవరో గుమ్మంలోంచి.

అన్నయ్య. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"బావా, నువ్వే అడుగు దీన్ని! నా పెళ్ళాన్ని ఎక్కడికో పంపించేసింది."

"అది పంపలేదు. నేను పంపాను."

అద్దాలక్క ఉలిక్కిపడి చూసింది. పుట్టి బుద్ధెరిగాక అన్నయ్య నోట అబద్ధం వినడం ఆమెకి అదే మొదటిసారి.

"ఎక్కడుందో చెప్పను. ఏం చేసుకుంటావో నాతో తేల్చుకో."

చెల్లెలి మొగుడు నానా మాటలూ అన్నాడు. ముందు గదిలోంచి ఓనరమ్మ వచ్చి, "ఇంకొక్క మాటన్నావంటే పోలీసులకి ఫోన్ చేస్తాను," అనేసరికి తలుపు విసిరికొట్టి వెళ్ళిపోయాడు.

అన్నాచెల్లెళ్ళు నేల మీద కూర్చుని అద్దాలు ఏరారు. నాలుగూ పదికి కొత్త నెంబరు నుంచి అద్దాలక్క ఫోను మోగింది.

"అక్కా, ఇప్పుడే సిగ్నల్ వచ్చిందే!" బస్సు రొదలోంచి చెల్లెలు అరుస్తోంది.

అన్నయ్య చెయ్యి చాచాడు. ఫోను తీసుకుని చెవికి ఆనించుకున్నాడు.

"కిటికీ పక్కన కూర్చున్నావా?" అన్నాడు. "నీకు బస్సు పడదు కదమ్మా."