తొమ్మిది వోల్టుల గొంతు

పని మొదలుపెట్టే ముందు ఆమె మీటరు తీగల కొనలు రెండూ ఒకదానికొకటి తాకించేది. కీచుమని మోగితేనే ఆ మీటరును నమ్మేది. ఇరవై ఏళ్లుగా అదే అలవాటు. మనుషులకూ ఇలాంటి పరీక్ష ఒకటుంటే బాగుండునని రిపేరుకు వచ్చినవాళ్ల మొహం మీదే అనేది. వీధిలో ఆమెను మీటరక్క అనేవాళ్లు. కోపం ఎప్పుడూ ముక్కు మీదే. అయినా మూగబోయిన రేడియోలన్నీ ఆమె దగ్గరికే వచ్చేవి.

చెల్లెలు చిన్నపిల్లల బడిలో టీచరు. గొంతు ఆపరేషను తరవాత ఆమె మాట గుసగుసగా మిగిలింది. చివరి బెంచీకి పాఠం వినబడకపోతే ఆఫీసు గదిలో రిజిస్టర్లు రాసుకోవాల్సిందేనని హెడ్‌మిస్ట్రెస్ తేల్చి చెప్పింది. మంగళవారం తనే వచ్చి ఆ బెంచీలో కూర్చుంటానంది.

అక్క మెడలో వేసుకునే మైకు పెట్టె చేసి ఇచ్చింది. లోపల ఫోను బ్యాటరీ. అది నాలుగు వోల్టులు ఇస్తే గొప్ప. మాటను పెద్దది చేసే ఆంప్లిఫయరుకు తొమ్మిది కావాలి. మధ్యలో వోల్టులు పెంచే బొటనవేలంత బూస్టర్ మాడ్యూలు పెట్టింది. ఎంత పెంచాలన్నది దాని మీది ఇత్తడి మర చేతిలో ఉంటుంది. పది చుట్లు తిప్పినా ఉలుకూ పలుకూ ఉండదు. ఆ తరవాత ఒక్కసారిగా ఎగబాకుతుంది. అందుకే ఆంప్లిఫయరు విడదీసి, మీటరు చూస్తూ తిప్పాలి.

సోమవారం సాయంత్రం చెల్లెలూ, ఆమె మొగుడూ ఆ పెట్టె పట్టుకొచ్చారు. రేపటికి శబ్దం ఇంకాస్త ఉంటే మేలని మరిది మూత విప్పి మర తిప్పాడట. ఏమీ మారలేదని ఇంకా తిప్పాడట. కాలిన వాసన వచ్చాక ఆపాడట.

అక్క మీటరు పెట్టి చూసింది. ఇరవై ఏడు.

"కొంచెమే తిప్పాను వదినా."

"కూరలో ఉప్పనుకున్నావా, చేతికొచ్చినంత వెయ్యడానికి?"

పెళ్లినాటి నుంచి అతను బాగుచేయబోయి పాడుచేసినవన్నీ వరసపెట్టి ఏకరువు పెట్టింది. ఫ్యాను, కుళాయి, పక్కింటివాళ్ల గేటు. మరిది తల వంచుకుని అన్నీ విన్నాడు. చివరికి మెల్లగా నోరు విప్పాడు.

"మీరు బయటివాళ్లకిచ్చే పెట్టెల్లో మర మీద ఎర్ర చుక్క ఉంటుంది. దీని మీద లేదు. అందుకే తిప్పొచ్చనుకున్నా."

వోల్టులు సరిచూశాక మర కదలకుండా గోళ్లరంగు చుక్క వేయడం ఆమె పద్ధతి. ఊరందరికీ వేసింది. ఇది మనింటిదే కదా, తరవాత చూద్దాంలే అనుకుంది.

ఆమె మీటరు పక్కన పెట్టి, చుక్క లేని ఆ మరను చూసింది. కోపం పోలేదు. ఇంతసేపూ మరిది మీదున్నది చోటు మారింది. అలవాటు లేని చోట మరీ మండింది.

చెల్లెలు ఆమె చెవి దగ్గరికి వంగింది. "తిట్టింది చాలక్కా. రేపు నేనేం చెయ్యను?"

అక్క డబ్బాలన్నీ బోర్లించింది. అలాంటి ఆంప్లిఫయరు ఇంకొకటి లేదు. విడిభాగాల దుకాణం పదింటికి గాని తెరవరు. బడి తొమ్మిదింటికే.

మర్నాడు ఎనిమిదిన్నరకు ఆమె హెడ్‌మిస్ట్రెస్ గదిలో ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. కాలిన ఆంప్లిఫయరును బల్ల మీద పెట్టి, మైకు పెట్టెను సగం పనితో ఇచ్చింది తనేనని చెప్పింది.

"తప్పు నాది. గురువారం వచ్చి వినండి."

బతిమాలుతున్నట్టు లేదు, పోట్లాటకు వచ్చినట్టే ఉంది. హెడ్‌మిస్ట్రెస్ క్యాలెండరులో గురువారం చుట్టూ గీత గీసింది. అక్క బయటికి వచ్చి, విడిభాగాల దుకాణం దాకా నడిచి, మూసి ఉన్న షట్టరు ముందు కూర్చుంది.