ఆముదం తాగిన బ్రేకు

ఇయ్యాల మా బాపు పాత మోటర్ సైకిల్‌కు డిస్క్ బ్రేకులు పెట్టిపిచ్చిన. మెకానిక్ పాత బ్రేకు డ్రమ్ము ఇప్పంగనే వచ్చిన గా మాడు వాసనకు నేను రెండడుగులు ఎనుకకు జరిగిన.

దసరా పొద్దుగాల బండ్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలేసుడు మీకు యాదికున్నదా? మా జమ్మికుంట ఇంట్ల ఆ పని నాదే. అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. బ్రేకు కొడితే కీసుమంటుండె. పండుగపూట గా సప్పుడేందని వెనుక చక్రం బ్రేకు సందుల చిన్న గిన్నెడు ఆముదం పోసిన.

పొద్దుమూకి బాపు, నన్ను కన్న అవ్వ ఆ బండి మీద జమ్మిచెట్టు కాడికి పోతుంటే చెరువుకట్ట దిగుడుల ఆ బ్రేకు పట్టలే. అవ్వ పడ్డది, చెయ్యి ఇరిగింది. ఇంటికొచ్చినంక అందరు బాపునే తిట్టిన్రు, "బండి నడుపరాదు నీకు!" అని. బాపు తలకాయ వంచుకొని నిలబడ్డడు. నేను తలుపు సాటుకున్న, ఆముదం పోసిన సంగతి చెప్పలే. బాపు తను సచ్చిపోయేదాక మళ్ల అవ్వను బండెక్కించుకోలే.

ఇందాక బండి ఇంటికి తెస్తే, అవ్వ వంకర చెయ్యితోని కొత్త బ్రేకును తడిమింది.

"గివి అప్పుడుంటే, మీ బాపుకు నడుపుడు రాకపోయినా బండి ఆగేటిది బిడ్డా" అన్నది.

"అవునవ్వా" అన్న.