కోడిగుడ్డు కట్టు, కుడికాలు బ్రేకు

ఆ రోజుల్లో నాకు భయమంటే ఏమిటో తెలియదని చెప్పుకోవాలని ఉంది గానీ, నిజానికి నాకు భయం తప్ప మరొకటి తెలియదు. నన్ను పనిలో పెట్టుకున్న యజమాని కఫీల్ అంటే భయం, పరదేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితం పోతుందేమోనని భయం, రోడ్డు మీద పోలీసు నవ్వినా భయం. రాయచోటి దిక్కు నుంచి కొత్తగా వచ్చి, కువైట్‌లో సబా అల్ సలేంలోని ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరుగా చేరాను. వీసా తెప్పించింది మా చిన్నాయన. ఆ ఇంట్లో వంటంతా ఆయనదే. "నువ్వు తప్పు జేస్తే ఇద్దరమూ ఒకే ఇమానంలో ఇంటికి పోవాల్సొస్తాదిరా" అని రోజూ అన్నం పెడుతూ గుర్తు చేసేవాడు. అంత భయస్థుడివి కఫీల్ కొడుకు బగ్గీ ఎందుకెక్కావని, ఈ కథ విన్నాక మీరడగవచ్చు. వయసు! అంతకు మించిన జవాబు నాకిప్పటికీ దొరకలేదు.

చలికాలం వస్తే అక్కడివాళ్ళు ఎడారిలో గుడారాలు వేసుకుంటారు. గిన్నెలూ దుప్పట్లతో పాటు మేమూ పోయేవాళ్ళం. కఫీల్ పెద్దకొడుక్కి ఒక బగ్గీ ఉండేది. నాలుగు లావు చక్రాలు, మోటారు సైకిలుకున్నట్టు హ్యాండిలు, ఇసుకలో ఎగిరెగిరి పోతుంది. ఒక మధ్యాహ్నం ఇంటివాళ్ళంతా చుట్టాల గుడారానికి భోజనానికి పోతూ ఉంటే కఫీల్ (మేము బాబా అని పిలిచేవాళ్ళం) "దాన్ని నీడలోకి తోసిపెట్టు" అన్నాడు. తోయమన్నాడు గానీ ఎక్కమనలేదు. సీటు మీద హెల్మెట్ ఉంది. దాన్ని తీసి జాగ్రత్తగా చాప మీద పెట్టి (గీతలు పడితే మాటొస్తుందని) ఎక్కి కూర్చున్నాను. నడుముకు లుంగీ, కాళ్ళకు హవాయి చెప్పులు. మా నాయన మోపెడ్ మీద గడ్డిమోపులు మోసినవాణ్ణి, ఇదొక లెక్కా అనుకున్నాను.

ఆ మోపెడ్ విద్యే నా కొంప ముంచింది. మోపెడ్ పక్కకు ఒరిగితే కాలు నేలకు ఆనిస్తాం. ఆలోచించి చేసే పని కాదది, కాలే చేసేస్తుంది. బగ్గీ మీద మాత్రం కాళ్ళు పైనే ఉంచి, ఒంటిని దిబ్బ ఎత్తున్న వైపు వంచాలట. ఆ సంగతి నాకు ఆస్పత్రిలో తెలిసింది. ఇసుక దిబ్బకు అడ్డంగా పోతుంటే బండి కుడివైపు ఒరిగింది. నా కుడికాలు బుద్ధిగా కిందికి దిగింది. వెనక చక్రం దాని మీదుగా పోయింది, పోతూ పోతూ లుంగీని కూడా చుట్టుకుంది. నేనూ బండీ ఇద్దరం దొర్లాం. కళ్ళు తెరిస్తే నా తలకు జానెడు దూరంలో, ఎవరో పీకకుండా వదిలేసిన గుడారం మేకు ఇసుకలోంచి పైకి పొడుచుకుని ఉంది. దాన్ని చూసి తల ఇవతలికి లాక్కున్నాను. ఇంజను ఇంకా తిరుగుతోంది, పెట్రోలు వాసన ముక్కుకు కొడుతోంది, చుట్టూ పిట్ట కూడా లేదు. చచ్చిపోయాననే అనుకున్నాను. అంతలో కాలు నొప్పి మొదలైంది, బతికే ఉన్నానని నమ్మకం కుదిరింది.

"ఏమైందిరా నాయనా!" అంటూ, చప్పుడు విని వంటగుడారంలోంచి చిన్నాయన గరిటెతోనే పరిగెత్తుకొచ్చాడు. ముందు ఇంజను ఆపాడు. ఆయన ఆ రోజు చేసిన మంచి పని అదొక్కటే.

"అంబులెన్సు పిలుద్దాం చిన్నాయనా."

"అంబులెన్సొస్తే పోలీసొస్తాడు, పోలీసొస్తే బాబాకి తెలుస్తాది. అరవాకు. పుత్తూరు కట్టు కడతా, ఉండు."

ఆయన చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడి పుత్తూరు కట్టు కట్టించుకున్నవాడే గానీ, కట్టినవాడు కాదు. నన్ను గుడారంలోకి ఈడ్చుకుపోయి, అట్టెడు గుడ్లు పగలగొట్టి సొన పూసి, వెదురు బద్దలు లేవని కబాబు ఊచలు పెట్టి, గిన్నెలు తుడిచే గుడ్డతో బిగించాడు. బిగించే ముందు "ఎముక సరిగ్గా కూసోవాల" అని పాదం పట్టుకుని ఒక్క లాగు లాగాడు. నాకు ముచ్చెమటలు పట్టి లోకమంతా నల్లబడింది. తేరుకునేసరికి ఆయన కిందామీదా పడి బగ్గీని నిలబెట్టి, చీపురుతో ఎడారిని ఊడుస్తున్నాడు, చక్రాల గుర్తులు కనపడకూడదని.

సాయంత్రం అందరూ తిరిగొచ్చారు. నేను ప్యాంటు తొడుక్కుని కదలకుండా కూర్చున్నాను. ఈగలు మాత్రం నా కాలినే వెతుక్కుంటూ వచ్చాయి. బాబా కారు తాళాలు విసిరి, "యల్లా, పిల్లల్ని ఇంటికి తీసుకుపో, పొద్దున బడి ఉంది" అన్నాడు. చిన్నాయన ఆయన వెనక నిలబడి, మెల్లగా పో అని చేత్తో సైగ చేశాడు. కారు పట్టుకుని కుంటుతూ ఎక్కాను. బ్రేకు మీద కాలు పెట్టి నొక్కాను. కాలు నాది కానట్టే ఉంది. మళ్ళీ నొక్కాను, నొప్పి నడుము దాకా ఎగబాకింది గానీ బ్రేకు దిగలేదు. వెనక సీట్లో చిన్నపాప తన బెల్టు తనే పెట్టుకుని, వాళ్ళ నాయనలాగే "యల్లా" అని తొందరపెట్టింది. ముందున్నది లారీలు తిరిగే పెద్దరోడ్డు. అప్పుడు నాకు వేసిన భయం ముందు విమానం భయం ఒక భయమే కాదు. దిగిపోయి తాళాలు బాబా చేతిలో పెట్టాను. "బాబా, కాలు ఖలాస్. బ్రేకు మాఫీ" అని, కాలు పనైపోయింది, బ్రేకు లేదని వచ్చీరాని అరబ్బీలో చెప్పి ఏడ్చేశాను.

ఆయన ప్యాంటు పైకెత్తి చూశాడు. ఆయన భార్య (ఆమెను మామా అనేవాళ్ళం) ముక్కు మూసుకుంది. కబాబు ఊచల వంక ఆయన చాలాసేపు చూశాడు. తలకు దెబ్బ తగిలిందా, వాంతులయ్యాయా అని అడిగాడు. నేను లేదన్నాక, "హెల్మెట్ ఏదీ?" అని అరిచిన అరుపుకు చిన్నాయన గుడారం వెనక్కి పోయాడు. చాప మీద భద్రంగా ఉందని చూపించాను. "గీతలు పడకూడదని తీశాను బాబా" అన్నాను. ఆయన ఇసుకలో కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు. తిడుతున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. ఆస్పత్రికి ఆయనే కారు నడిపాడు. చిన్నపాప ఆ హెల్మెట్ తెచ్చి నా తలకు పెట్టి, దారి పొడుగునా తియ్యనివ్వలేదు. డాక్టరు గుడ్డు పెంకులు ఏరుకుంటూ, విరిగిన కాలిని ఉన్నదున్నట్టు కదలకుండా ఉంచి అంబులెన్సుకు ఫోను చెయ్యాలనీ, ఇంకొక్క లాగు లాగి ఉంటే పాదం ఎందుకూ పనికొచ్చేది కాదనీ చెప్పాడు.

ఆ తప్పుకు విమానం ఎవరమూ ఎక్కలేదు. చిన్నాయన పని చాలించుకుని ఇప్పుడు ఊళ్ళో ఉన్నాడు. "నా కట్టుకే గదరా ఎముక అతికింది" అని ఫోనులో ఇప్పటికీ అంటాడు. అవును చిన్నాయనా అంటాను.

చిన్నపాప కాలేజీకి పోతోంది, తీసుకుపోయేది నేనే. రోజూ పొద్దున కారు తలుపు పట్టుకుని నిలబడి, "ముందు కాలు చూపించు" అంటుంది. జుట్టు నెరిసిన డ్రైవర్ని, వాకిట్లో నిలబడి కుడి బూటు అటూ ఇటూ ఊపి చూపిస్తాను. అప్పుడు గానీ ఎక్కి బెల్టు పెట్టుకోదు. "యల్లా" అంటుంది. నేను ముందు బ్రేకు నొక్కి చూసుకుని, అప్పుడు బయల్దేరతాను.